చేతికందే బంతి

ఆవిడను ఊళ్లో అందరూ ఛాంపియన్ అనే పిలుస్తారు. టమాటాలు తూచే ఆమె నుంచి పళ్ల డాక్టరు దాకా అదే పిలుపు. అసలు పేరుతో బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ పని పడలేదు. ఆడవాళ్ల టెన్నిస్‌లో వరసగా మూడేళ్లు దేశం మొత్తానికీ ఆవిడే మొదటి మనిషి. అది జరిగి చాలా కాలమైంది. ఆ తర్వాత కూడా ఏటా ఎవరో ఒకరు గెలుస్తూనే ఉన్నారు. కానీ వాళ్లెవరూ ఈ ఊరివాళ్లు కారు కాబట్టి ఊరి లెక్కలో వాళ్లు ఛాంపియన్లు కారు.

ఆ పేరుతో పిలిచినప్పుడల్లా ఆవిడ తల దించుకుని చిన్నగా నవ్వుతుంది. చూసేవాళ్లు దాన్ని వినయం అనుకుంటారు. ఒకప్పుడు వినయమేనేమో. ఈ మధ్య మాత్రం అది సిగ్గు. పిలిచిన మనిషికి ముఖం చూపించలేక దించుకునే తల అది. అదెలా వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

వాళ్ల నాన్న నీళ్ల సరఫరా ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వెనక ఇంజనీర్ల కోసం వేసిన సిమెంటు కోర్టు ఒకటి ఉండేది. ఇంజనీర్లకు ఆట మీద కన్నా ఆట తర్వాతి టీ మీద ధ్యాస ఎక్కువ, అందుకని కోర్టు ఎప్పుడూ ఖాళీయే. నాన్న ఎవరో పారేసిన రాకెట్‌కు తీగలు కట్టించి తెచ్చి పెద్దకూతురి చేతికిచ్చాడు. ఆడటానికి తోడు లేదు. పంపుహౌసు గోడే తోడైంది. ఆ గోడకు మధ్యలో ఒక కిటికీ, కిటికీ వెనక పంపు ఆపరేటరు, ఆయనకు మధ్యాహ్నం కునుకు. బంతి ఊచలకు తగిలిందంటే లేచొచ్చి ఏడు తరాలవాళ్లనూ కలిపి తిట్టి వెళ్లేవాడు. ఆ తిట్లు తప్పించుకోవడానికి పిల్ల కిటికీకి జానెడు పక్కన కొట్టడం నేర్చుకుంది. తర్వాత బెత్తెడు పక్కన. ఆ తర్వాత ఏ ఇటుక అనుకుంటే ఆ ఇటుక మీద. పెద్దయ్యాక పత్రికలవాళ్లు ఆ గురి దేవుడిచ్చిన వరమని రాశారు. దేవుడికి ఇందులో ఏ సంబంధమూ లేదు. అదంతా పంపు ఆపరేటరు నిద్ర చలవ.

ఆవిడ ఆటలో బలం లేదు, పరుగు కూడా అంతంతమాత్రం. ఎదుటి మనిషి ఎక్కడ లేదో అక్కడ బంతి వేసేది, అంతే. కోర్టు మూల చేతిరుమాలు పరిచి చూపిస్తే దాని మీద వేసేది. అటుపక్క ఆడేవాళ్లు ఆ మూల నుంచి ఈ మూలకు పరిగెత్తి పరిగెత్తి, చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయేవాళ్లు. మూడు ఫైనళ్లలో రెండు ఒకే మనిషి మీద గెలిచింది. ఆ మనిషిని అందరూ గోడ అనేవారు. పొట్టిగా, గట్టిగా ఉండేది. రాకెట్‌ను గరిటె పట్టుకున్నట్టు పట్టుకునేది. ఏ మూలకు కొట్టినా పడుతూ లేస్తూ వెళ్లి బంతిని వెనక్కి పంపేది. చూడటానికి ఆ ఆట ఏమంత బాగుండేది కాదు. మన ఛాంపియన్‌కు గోడతో ఆడటం చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి రెండుసార్లూ గెలిచింది. ఒకసారి పరాయి దేశంలో పెద్ద టోర్నమెంటుకు కూడా వెళ్లింది. మొదటి రోజే ఓడిపోయి, వాళ్లిచ్చిన తువ్వాలు పట్టుకుని తిరిగొచ్చింది. ఆ తువ్వాలు చూడటానికి వీధి వీధంతా కదిలొచ్చింది.

తర్వాత మోకాలు పోయింది. ఆడితే నడక కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. పార్కు పక్కన మునిసిపాలిటీవాళ్లు రెండు కోర్టులు వేసి, పిల్లలకు నేర్పమని పిలిచారు. ఆవిడ వెళ్లింది. చేతికో రాకెట్, పక్కన బుట్టెడు బంతులు, నెట్‌కు అవతల వరసలో పిల్లలు. కోచ్ చేసే పనిలో ముప్పాతిక వంతు ఇదే. బుట్టలోంచి బంతి తీసి అవతలికి వేయడం, పిల్లలు కొట్టడం, మళ్లీ వేయడం.

మొదటి వారంలోనే ఒక బొద్దుపిల్లాడు ఎన్ని బంతులు వేసినా ఒక్కటీ తగలక ఏడుపు అందుకున్నాడు. సిమెంటు బెంచీ మీద కూర్చున్న వాళ్లమ్మ సంచి సర్దుకుని లేచింది. ఛాంపియన్‌కు జాలేసింది. పిల్లాడు రాకెట్ ఊపే తీరు ఒకసారి చూసుకుని, ఆ ఊపులో రాకెట్ ఎక్కడికొస్తుందో సరిగ్గా అక్కడికి, నడుం ఎత్తుకు, మెత్తగా బంతి వేసింది. టక్కుమని తగిలింది. బంతి నెట్ దాటి రివ్వున వెళ్లింది. పిల్లాడు ఏడుపు మధ్యలోనే నవ్వాడు, వాళ్లమ్మ మళ్లీ కూర్చుంది. వ్యవహారం పాడైంది ఆ రోజే. మనిషి లేనిచోట బంతి వేసిన చెయ్యి, ఆ సాయంత్రం నుంచి రాకెట్ ఉన్నచోట వేయడం మొదలుపెట్టింది.

ఆవిడ బంతి వేస్తే చేతకానివాడికి కూడా చేతనైపోతుంది. ఊరంతా అదే మాట. పిల్లలు వచ్చిన నెలలోపే సినిమాలో చూపించినట్టు కొట్టేవాళ్లు. బెంచీ మీద తల్లిదండ్రులు ఆ టక్ టక్ చప్పుడు వింటూ, మా వాడు మొన్నటిదాకా చెంచా కూడా సరిగ్గా పట్టుకోలేకపోయేవాడండీ అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. ఊళ్లో జరిగే పోటీలు కూడా కన్నులపండువగా ఉండేవి. ఉండవా మరి, ఇటు ఆడేవాళ్లూ అటు ఆడేవాళ్లూ ఆవిడ శిష్యులే. ఆవిడ చేతి వాటమే వాళ్లకూ వచ్చింది. ఒకరి నడుం ఎత్తుకు ఒకరు మర్యాదగా బంతులు అందించుకునేవాళ్లు. ఎవరో ఒకరు అలిసిపోతే ఆట అయిపోయేది.

బయటి ఊరికి వెళ్తే మాత్రం మొదటి రోజే పెట్టె సర్దుకోవాల్సి వచ్చేది. దానికి ఎప్పుడూ ఒక కారణం సిద్ధంగా ఉండేది. ఒకసారి ఎండ, ఒకసారి గాలి, ఒకసారి ఎవరికెవరో తేల్చే డ్రాలో మొదటే గట్టివాళ్లు తగలడం, ఒకసారి హోటల్ భోజనం పడకపోవడం. కారణాల కోసం ఆవిడ ఎప్పుడూ వెతుక్కోలేదు, తల్లిదండ్రులే తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆవిడ తలాడించేది.

తెలియదా అంటే తెలుసు. పొద్దున్నే పిల్లలు రాకముందు కోర్టు ఊడ్చేటప్పుడు కనిపించేది. పిల్లలు నిలబడి కొట్టేచోట, కుడిపక్క ఒకటి ఎడమపక్క ఒకటి, రెండు చోట్ల మాత్రం రంగు అరిగి బట్టతలలా సిమెంటు బయటపడింది. మిగతా కోర్టంతా వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ మూలలకు ఎవరి కాళ్లూ వెళ్లలేదు. చీపురు అక్కడ ఆగేది. అంతలో మొదటి పిల్లాడు సైకిల్ గంట కొట్టుకుంటూ వచ్చేవాడు. మంచిదే అనుకుని చీపురు గోడకు ఆనించేది.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. చెల్లెలి ఇంటి పై గదిలో ఉంటుంది, భోజనం కింద. చెల్లెలు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. ముక్కుసూటి మనిషి. రిపోర్టులో ఏముంటే అది ముఖం మీదే చెప్పడం దాని ఉద్యోగం, ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. మరిది డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. వాళ్లకు ఒక్కతే కూతురు. పుట్టినప్పటి నుంచీ నోరు మూయకుండా కిచకిచలాడుతుందని పిచ్చుక అని పిలుస్తారు. మాటలు రాకముందే పెద్దమ్మ రాకెట్ పట్టుకుని ఇల్లంతా ఈడ్చుకు తిరిగిన పిల్ల అది.

పిచ్చుక ఆట చూస్తే ఎవరికైనా రెండు కళ్లూ చాలవు. అచ్చం పెద్దమ్మ పోత. భుజం తిప్పడం, మోకాలు వంచడం, కొట్టాక రాకెట్ మెడ మీదుగా వెనక్కి పోవడం, అన్నీ అవే. ఊళ్లో ఏ పోటీ పెట్టినా కప్పు దానిదే. బయట మాత్రం దానికీ అదే గాలి, అదే ఎండ. అయినా ఊరు ఊరంతా రెండో ఛాంపియన్ తయారైపోయిందని అనేసుకుంది. పిచ్చుక కూడా అనుకుంది. పెద్దమ్మ మాత్రం అనుకోకుండా ఎందుకుంటుంది? ఆ పిల్ల కొడుతుంటే పోయిన మోకాలు తిరిగొచ్చినట్టుండేది.

చిక్కు వచ్చింది పిచ్చుక ఇంటర్ పూర్తయ్యాక. పరీక్షలో మంచి మార్కులు వచ్చాయి. పక్క జిల్లాలోని ఫార్మసీ కాలేజీలో సీటు వచ్చింది. పై వారం శుక్రవారం సాయంత్రంలోగా చేరతామనో వదిలేస్తామనో చెప్పాలి. చేరితే రోజంతా కాలేజీ, ఆట అటకెక్కినట్టే. వదిలేస్తే ఆ సీటు మళ్లీ రాదు. పిచ్చుక వదిలేద్దామంది. టోర్నమెంట్ల వెంట ఊళ్లు తిరుగుతానంది. చెల్లెలు మెట్లెక్కి అక్క గదికి వచ్చింది.

"అక్కా, నాకు ఈ ఆట గురించి ఏం తెలీదు. నువ్వే చెప్పు. అది పైకొస్తుందా?"

ఛాంపియన్ గుమ్మంలో నిలబడి తువ్వాలు మడతపెడుతోంది. "వస్తుంది" అంది.

"నిజంగా?"

"నేను చెప్తున్నాగా."

"నువ్వు చెప్తే చాలు" అని చెల్లెలు దిగి వెళ్లిపోయింది. రిపోర్టు చేతికొచ్చాక రెండో మాట అడిగే అలవాటు దానికి లేదు. ఛాంపియన్ మడిచిన తువ్వాలునే మళ్లీ విప్పి మళ్లీ మడిచింది.

ఆ వారాంతంలోనే వేరే ఊళ్లో టోర్నమెంటు. పెద్దమ్మా, పిచ్చుకా బస్సులో వెళ్లారు. పిచ్చుకకు మొదటి ఆటలో తగిలిన పిల్ల చూడటానికి ఏమాత్రం లెక్కలోకి రాని పిల్ల. జడ సగం ఊడిపోయింది, బూటు లేసు నేల మీద ఈడ్చుకుంటోంది. రాకెట్ పట్టుకున్న తీరు చూసి పిచ్చుక పెదవి విరిచింది. ఛాంపియన్ మాత్రం ఆ పట్టు ఎక్కడో చూశాననుకుంది. కాసేపటికి అవతలి బెంచీ మీద కూర్చున్న మనిషిని చూసి గుర్తుపట్టింది. జుట్టు నెరిసింది, కాస్త లావైంది, అంతే. ఆ పిల్ల కోచ్ ఎవరో కాదు, గోడ.

ఆట మొదలైంది. మొదటి బంతి కాళ్ల దగ్గర పడింది. రెండోది తల మీదుగా వెళ్లింది. మూడోది నెట్ దాటి అక్కడే చచ్చినట్టు పడిపోయింది. పిచ్చుక అందమైన భంగిమలో, రాకెట్ వెనక్కి తీసుకుని, నడుం ఎత్తుకు వచ్చే బంతి కోసం నిలబడే ఉంది. అది రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. బంతి పోయిన ప్రతిసారీ రాకెట్ తీగలు చూసుకుంది, తర్వాత సూర్యుణ్ణి చూసింది, చివరికి పెద్దమ్మ వైపు చూసింది. కంచంలో అన్నం ఇంకా వడ్డించలేదేమని పసిపిల్లలు చూసే చూపు అది. ఛాంపియన్ ఆ చూపు తట్టుకోలేక చెప్పుల వైపు చూసుకుంది. రెండు సెట్లలో కలిపి పిచ్చుకకు ఒక్క గేమ్ దక్కింది. అది కూడా అవతలి పిల్ల లేసు కట్టుకోవడం కోసం తొందరపడి పోగొట్టుకున్నది.

పిచ్చుక ముఖం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు గోడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమ్మా ఛాంపియన్, మోకాలు ఎలా ఉంది?"

"నడుస్తోంది."

"మీ పిల్లేనటగా. నీ పోలికే. ఫొటో తీసి గోడకి తగిలించుకోవచ్చు." కాసేపు నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చుంది. "ఒక మాటంటాను, ఏమనుకోకు. డ్రాలో మీ ఊరి పిల్లలు పడితే మా పిల్లలకి పండగే. ఎంత అందంగా ఓడిపోతారో అని చెప్పుకుంటారు."

ఛాంపియన్ పిచ్చుక సంచి ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు నాతో ఆడినప్పుడు ఒక్క బంతైనా నాకు అందేలా వేశావా చెప్పు. చచ్చీ చెడీ పరిగెత్తాను. ఆ రెండు ఫైనళ్లలో నేను నేర్చుకున్న ఆటే ఇప్పుడు వీళ్లకి నేర్పుతున్నా. నువ్వు నాకు నేర్పినంత కూడా నీ పిల్లలకి నేర్పలేదేంటే?"

వెటకారానికి అన్న మాట కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది. అందుకే ఛాంపియన్‌కు తల కొట్టేసినట్టయింది. వెటకారమైతే రెండు మాటలు అని లేచిపోయేది. ఇప్పుడు అదీ కుదరలేదు. పిచ్చుక వస్తుంటే బస్సుకు టైమైందని చెప్పి లేచింది. బస్సుకు ఇంకా చాలా టైముంది.

బస్సులో పిచ్చుక కిటికీ పక్కన కూర్చుని కారప్పూస నములుతూ అంది, "ఆ అమ్మాయికి అసలు ఆడటం రాదు పెద్దమ్మా. చూశావుగా. ఒక్క బంతైనా సరిగ్గా వేసిందా?"

బంతి సరిగ్గా వేయడమంటే తనకు అందేలా వేయడమని ఆ పిల్ల అనుకుంటోంది. ఇన్నేళ్లుగా ఆ మాట దానికి నేర్పింది ఎవరో ఛాంపియన్‌కు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచింది.

"ఎండ కూడా ఎక్కువగానే ఉందిలే" అంది.

అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ అన్న మాట అన్నదే. పిచ్చుక తేలికపడి, పెద్దమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

గురువారం భోజనాల దగ్గర మరిది తన కారు సంగతి ఎత్తుకున్నాడు. డ్రైవింగ్ నేర్పే కారులో పక్కన కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది.

"ఇవాళ ఒక పెద్దాయన వదినా, లారీకి ఎదురుగా పోతున్నాడు. నేను బ్రేకు తొక్కేశాను. బండి ఆగింది. ఆయన నా వైపు తిరిగి, 'చూశారా మాస్టారూ, ఎంత టక్కున ఆపానో' అన్నాడు. పోనీలే, ఆయన సంతోషం ఆయనది అని ఊరుకున్నా."

అందరూ నవ్వారు. పిచ్చుకకు పొలమారింది.

"లైసెన్సు పరీక్ష ముందు మాత్రం కాలు పక్కకి తీసేస్తాననుకోండి. లేకపోతే రేపు రోడ్డు మీద ఎవణ్ణో గుద్దేసి, ఆ పాపం నాకు చుట్టుకుంటుంది."

ఛాంపియన్ కలిపిన ముద్దనే మళ్లీ మళ్లీ కలుపుతోంది. చెల్లెలు గమనించింది. "ఏంటక్కా, తినట్లేదు?"

"పన్ను నొప్పి."

"రేపు సాయంత్రం కాలేజీకి ఫోన్ చేసెయ్యాలి. నేను ల్యాబ్ నుంచి నేరుగా కోర్టుకే వస్తా. అక్కణ్ణుంచే చేసేద్దాం. వదిలేస్తున్నామని చెప్పడానికి నాకొక్కదానికి ధైర్యం చాలట్లేదు, నువ్వు పక్కనుండు."

ఆ రాత్రి ఛాంపియన్ ఒక నిర్ణయానికి వచ్చింది. పిరికి నిర్ణయమే, కానీ ఆవిడకు చేతనైనది అది. నోటితో చెప్పలేకపోతోంది కాబట్టి రాకెట్‌తో చెబుతుంది. పిచ్చుకతో నిజమైన సెట్ ఒకటి ఆడుతుంది. గోడతో ఆడినట్టు ఆడుతుంది. మోకాలు పోతే పోనీ. ముసలి కోచ్ కుంటుకుంటూ ఆడి సున్నాకి ఓడిస్తే ఆ పిల్లకు విషయం దానంతటదే అర్థమవుతుంది, వాళ్లమ్మకూ అర్థమవుతుంది. తను ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

శుక్రవారం సాయంత్రం చిన్నపిల్లలను పంపించేసి, బుట్ట పక్కకు జరిపింది. చెల్లెలు అప్పటికే బెంచీ మీద కూర్చుంది, స్పిరిట్ వాసన వేసే తెల్లకోటు ఇంకా విప్పలేదు.

"ఇవాళ సెట్ ఆడదాం" అంది ఛాంపియన్.

పిచ్చుక నవ్వింది. "నీతోనా? మోకాలు?"

"మోకాలి సంగతి నాకొదిలెయ్. నిజంగా ఆడు. నేను కూడా నిజంగానే ఆడతా."

మొదటి బంతి ఎడమ మూలకు అనుకుంది. చూపు ఆ మూల మీదే ఉంచి కొట్టింది. బంతి వెళ్లి పిచ్చుక నడుం దగ్గర, సరిగ్గా రాకెట్ వచ్చేచోటికి చేరింది. పిచ్చుక దాన్ని గీత మీదికి కొట్టింది. ఛాంపియన్ అందుకోలేదు. చాలా కాలమైందిగా, చెయ్యి తప్పింది అనుకుంది. రెండోది కుడి మూలకు కొట్టింది. అది కూడా నడుం దగ్గరికే. నెట్ దాటి అక్కడే పడేయాలని మూడోది నెమ్మదిగా వేసింది. ముద్దుగా, మెత్తగా, ఆ పిల్ల ముందుకు ఒక్క అడుగు వేస్తే చాలన్నట్టు లేచి నిలబడింది బంతి.

అప్పుడు ఛాంపియన్‌కు భయం వేసింది. పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. బంతి కంచె అవతల పడింది. మళ్లీ మామూలుగా కొట్టింది. మళ్లీ నడుం ఎత్తు. ఎదుట మనిషి కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే ఆ మనిషి రాకెట్ ఎక్కడుందో చూసుకుని అక్కడికే వేస్తోంది. మోకాలిని అనడానికి లేదు, ఆవిడ నిలబడ్డచోటే అందే బంతులు కూడా అలాగే పోతున్నాయి. ఏ ఇటుక అంటే ఆ ఇటుక కొట్టిన చెయ్యి ఇప్పుడు ఒక్కచోటికే కొట్టగలుగుతోంది. ఛాంపియన్ అనే మనిషి ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియలేదు.

సెట్ పిచ్చుకే గెలిచింది, సునాయాసంగా. రాకెట్ గాల్లోకి విసిరి పట్టుకుని, పరిగెత్తుకుంటూ వచ్చి పెద్దమ్మను వాటేసుకుంది.

"అమ్మా, చూశావా, ఛాంపియన్‌నే ఓడించా."

చెల్లెలు కళ్లు ఒత్తుకుంటూ లేచింది. ఏ విషయానికీ కళ్లనీళ్లు పెట్టుకునే మనిషి కాదు. "ఇంక నిన్ను అడిగేదేముందక్కా, కళ్లారా చూశాగా" అని సంచిలోంచి ఫోన్ తీసింది. "వదిలేస్తున్నామని చెప్పేస్తున్నా."

"ఆగు" అంది ఛాంపియన్.

చెల్లెలు నంబరు వెతుకుతూనే ఉంది. మళ్లీ అంది.

"ఫోన్ చెయ్యకు. అది పైకి రాదు. నేను నీకు అబద్ధం చెప్పాను."

చెల్లెలి చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది. పిచ్చుక పెద్దమ్మను వదిలేసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఓడిపోయినందుకా ఇలా అంటున్నావ్?"

"కాదమ్మా. నిన్ను ఓడించాలనే ఆడాను. ఒక్క బంతి కూడా నీకు అందకుండా వేయలేకపోయా. నాకు చేతకావట్లేదు. ఇన్నేళ్లూ నీకు అందేట్టే వేశాను. నువ్వు కొట్టడం నేర్చుకున్నావు గానీ ఆడటం నేర్చుకోలేదు. తప్పు నీది కాదు. మొన్న ఆ పిల్ల వేసినట్టే వేస్తారు ఎవరైనా. ఎండా కాదు, గాలీ కాదు."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

ఇక్కడ కూడా తప్పించుకోవచ్చు. మొన్ననే తెలిసిందంటే నమ్ముతుంది. ఛాంపియన్ చెమట తుడుచుకుంది.

"నువ్వు మొదటిసారి బయటి ఊళ్లో ఓడిపోయినప్పట్నుంచి."

"అప్పుడు నేను ఆరో క్లాసు."

"ఊఁ."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు కొడుతుంటే చూడటానికి బాగుండేది" అంది ఛాంపియన్. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. "నేనే మళ్లీ ఆడుతున్నట్టుండేది. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది."

చెల్లెలికి మెట్లెక్కి వచ్చి అడిగిన రోజు గుర్తొచ్చినట్టుంది. అక్క ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

పిచ్చుక రాకెట్‌ను బెంచీ మీద పెట్టింది. కోర్టు అవతలికి వెళ్లి, రోజూ నిలబడేచోట నిలబడింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"వెయ్" అంది.

"ఇప్పుడెందుకమ్మా..."

"వెయ్ పెద్దమ్మా."

ఛాంపియన్ బుట్టలోంచి బంతి తీసి వేసింది. పిచ్చుక కుడిచెయ్యి చాపింది. బంతి వచ్చి అరచేతిలో పడింది. కాళ్లు కదపలేదు. బంతిని పక్కన పడేసి, ఇంకోటి అంది. అది కూడా అరచేతిలోనే పడింది. ఇంకోటి. అదీ అంతే. పిచ్చుక ఒకసారి తల వంచి తన బూట్లు చూసుకుంది. అవి పెట్టినచోటే ఉన్నాయి.

"ఇప్పుడు అందకుండా వెయ్. ఆ మూలకి."

ఛాంపియన్ ఆ మూలనే చూసింది. మనసంతా ఆ మూల మీదే పెట్టింది. చెమట కంట్లోకి కారుతోంది. వేసింది. పిచ్చుక చెయ్యి చాపనక్కర్లేకపోయింది, చాపి ఉన్న చేతిలోకే వచ్చింది బంతి.

పిచ్చుక ఆ బంతిని కాసేపు పట్టుకుని నిలబడి, తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగింది.

"చేరతానని చెప్పెయ్ అమ్మా."

చెల్లెలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని గేటు వైపు నడిచింది. పిచ్చుక వచ్చి బెంచీ మీది రాకెట్‌ను కవర్లో పెట్టుకుంది, జిప్పు లాగింది. ఏడవలేదు. ఛాంపియన్ బుట్ట పక్కన తల వంచుకుని నిలబడే ఉంది, చేతిలో ఇంకో బంతి ఉంది. ఆ పిల్ల ముఖం చూడటానికి తల లేవడం లేదు.

పిచ్చుక వెళ్తూ వెళ్తూ ఆగింది. కోపంగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది.

"మరి రేపు పొద్దున్న వచ్చే చిన్నపిల్లలకి ఎలా వేస్తావు పెద్దమ్మా?"